కవర్ తొడగని కంకి

జనవరి 3, శుక్రవారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. నన్ను కన్న అవ్వ మంచం కాడ ఉత్తగ కూసుంటె చేతులు ఊకుంటలేవని మొదలుపెట్టిన. ఇది నేను కొన్నది కూడ కాదు. విత్తనాల కంపెనీ డైరీ. అట్ట మీద ఇంత లావు పసుపు మక్కజొన్న కంకి బొమ్మ. పక్క చేను పరశురాములు మొన్న అవ్వను సూడ వచ్చినప్పుడు బత్తాయిలతోని పాటు ఇచ్చి పోయిండు. అవ్వకు అచ్చరం ముక్క రాదు. సదువు రానామెకు డైరీ ఎందుకు తెచ్చిండో ఆయనకే ఎరుక.

అవ్వ బర్రె కాడ జారి పడ్డది, తుంటి ఎముక ఇరిగింది. కరీంనగర్ల ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చి వారమైతంది. నెలన్నర దాక మంచం దిగొద్దన్నరు. మంచం మాత్రం తనకు ఎక్కడ కావాల్నో అక్కడ ఏపిచ్చుకున్నది, ఎన్క అర్రల, కిటికీకి ఆనిచ్చి. గా కిటికీల కెల్లి సూస్తె ఇంటెన్క పెట్టిన తెల్లమక్క కనవడ్తది. ఆమెకు కాలు ఇరిగిన ఫికర్ లేదు, మక్క ఫికరే.

"నేను లేసేదాక నువ్వే సూసుకోవాలె బిడ్డా. గా ఇత్తనం పోతె నేను బతికుండి ఏం ఫాయిద?" అన్నది.

నేను హుజూరాబాద్ల ఇంటర్ పిల్లలకు బాటనీ మేడంను. మొక్కల గురించి గంటలకొద్ది చెప్త. పార పట్టుమంటె నడుం పట్టేస్తది. అయినా సరే అన్న. మా అవ్వ కొమురవ్వతోని కాదని బతికినోళ్లు ఈ ఊర్లె ఎవలున్నరు?

జనవరి 4

అవ్వకు మక్క గట్క చేసిన. ఉండలు కట్టింది. సల్ల పోసుకొని తిన్నది, ఏమనలే. అవ్వ ఏమనలేదంటె బాగలేదన్నట్టు.

జనవరి 5, ఆదివారం

అవ్వ మల్ల ఇచ్చోడ కథ ఎత్తింది. ఆమె తల్లిగారిది అటు దిక్కే. మా అమ్మమ్మ సక్కుబాయి బిడ్డకు పెండ్లి చేసి తోలేటప్పుడు ఒడి నింపింది. బియ్యం, కుడుకలు, పసుపుకొమ్ములు అందరు పోసేటియే. అమ్మమ్మ వాటి మీద ఐదు తెల్లమక్క కంకులు పెట్టిందట. "మా ఇంటి ఆడోళ్లం ఇత్తనం ఒడిల ఏసుకొనే పోతం" అన్నదట. అప్పటి సంది అవ్వ ఏటేట ఇంటెన్క రెండు గుంటల జాగల పెడ్తనే ఉన్నది. ఇప్పుడు అమ్మమ్మ ఊర్లె సూద్దామన్నా లేదు, అంత పత్తి, సోయా. మనిషిని పెట్టి అడిగిచ్చినం, ఎవలింట్ల లేదన్నరు. మిగిలింది మా రెండు గుంటలే.

అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్ల ఒక్క కాడ ఆగుతది, నాకు ఒడి నింపే మాట కాడ. నేను ఇడుపు కాయిదం తీసుకొని ఇంటికొచ్చినప్పటి సంది అవ్వ నాకు ఒడిబియ్యం పోయలే. మొగడున్న బిడ్డలకే పోస్తరు గద. నాకేం పట్టింపు లేదు. బియ్యం డబ్బల ఉన్నయి, వండుకొని తింటనే ఉన్న. నౌకరి ఉన్నది, స్కూటీ ఉన్నది, అవ్వ ఉన్నది. నాకేం తక్కువ?

జనవరి 7

పరశురాములు వచ్చిండు. గడప బయటనే నిలవడ్డడు, చెప్పులు ఇడువలే. చెప్పులు ఇడువకుండ వచ్చిన మనిషి ఏదో పని మీద వచ్చిండన్నట్టే.

"మేడం, జర మాట్లాడాలె. మీ తెల్లమక్క ఇంకో పది దినాలకు పూతకు వస్తది గద. నాది కూడ గప్పుడే వస్తది."

"రానియ్యి."

"అట్ల కాదు మేడం. నాది కంపెనీ విత్తనం. సుట్టుముట్టు ఇంకో మక్క ఉండద్దని షరతు. మీ పుప్పొడి వచ్చి నా కంకుల మీద పడిందనుకో, విత్తనం కల్తీ అయినట్టే. సూపర్‌వైజర్ అరుణ్‌కుమార్ సూసిండంటె నా చేను మొత్తం రద్దు చేస్తడు. ఏటా వరే పెడ్తుంటి. ఈసారి బోరుల నీళ్లు లేక మక్క పెట్టిన."

"అయితె ఏం చేయమంటవు?"

జర సేపు చెప్పుల దిక్కు సూసుకున్నడు. "పూత రాకముందే కోసి బర్రెకు ఏస్తె..."

నాకు నెత్తి మీద నిప్పు పెట్టినట్టయింది. "నీ చేను నువ్వు కోసి ఏసుకో పో. నీ కంపెనీ నిన్న గాక మొన్న వచ్చింది. మా మక్క నీ కంటె ముందు పుట్టింది. అవ్వ మంచంల పడ్డదని సూసి వచ్చినవా?" ఇంకా ఏమేమో అన్న. గొంతు పెద్దగనే అయింది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలే. కొట్లాటకు వచ్చినోడు కొట్లాడాలె గద, గట్ల నిలవడితె నాకు ఇంకింత కోపం.

లోపటి కెల్లి అవ్వ, "అల్లుడా, చాయి తాగి పో" అన్నది. వాళ్ల అమ్మను అవ్వ వదినె అంటది, గా లెక్కన అల్లుడు. ఊరి వరుసలు, వాటికో లెక్కా పత్రమా. నేను చాయి పెట్టలే.

జనవరి 8

కోయాల్నట! కోస్తె ముందు నన్ను కోయాలె.

జనవరి 10

కోపం దిగినంక తెలివి వచ్చింది. ఎప్పుడూ గంతే నాది.

పొద్దుగాల మా రెండు చేన్ల నడిమి ఒడ్డు మీద నిలవడి ఆయన చేను సూసిన. మొగ సాళ్లు రెండు, ఆడ సాళ్లు నాలుగు, మల్ల రెండు, మల్ల నాలుగు. ఆడ సాళ్ల జల్లులు బయటికి రాంగనే పీకిపారేస్తరు. జల్లంటె మక్క నెత్తి మీద వచ్చే మొగపూత. మొగ సాళ్లది మాత్రం ఉంచుతరు, గాలికి అదే మీద పడాల్నని. గా గాలికి మా ఇల్లు అడ్డమా? ఆయన మొగ సాళ్ల పుప్పొడి మా తెల్లమక్క మీద పడకుండ ఎవలు ఆపుతరు? నా రెండు గుంటలు ఆయన రెండెకరాలను ఏం పాడుచేస్తయి గని, ఆయనదే మమ్ములను ముంచుతది. నిలవెట్టి కొట్లాడిన గని, గింత సోయి లేకపాయె నాకు. బాటనీ మేడం నట.

ఫైటోయిన్ సింథేజ్. ఎన్నేండ్లాయె ఈ పేరు రాయక. హైదరాబాద్ల పీహెచ్‌డీ చేసినన్ని దినాలు దీంతోనే పన్న, దీంతోనే లేసిన. థీసిస్ ముగియలే గని దాని మీద ప్రేమ, పావురం పోలే. చిన్న ఎంజైము. రంగు లేని రెండు ముక్కలను తెచ్చి ఒక్క కాడ ముడేస్తది, గంతే దాని పని. ఆ ముడి పడ్డంకనే తక్కిన ఎంజైములు దాన్ని అందుకొని పసుపు చేస్తయి, నారింజ చేస్తయి, ఎరుపు చేస్తయి. ముడి పడకపోతె ఏ రంగూ లేదు. పసుపు మక్క గింజల ఈ ఎంజైము తయారైతది. తెల్లమక్కకు ఆకులల్ల ఉంటది గని గింజల తయారు కాదు. అయితె బయటి కెల్లి ఒక్క పసుపు మక్క పుప్పొడి వచ్చి కంకి కొసన ఉండే ఆడపూత పీచు మీద పడ్డదా, అది తెచ్చిన జన్యువు చాలు. గా గింజ పసుపే. వచ్చే ఏడు కాదు, ఈ ఏడే, గా కంకి మీదనే.

అవ్వకు ఇదంత చెప్పిన. కండ్లు మూసుకొని ఇన్నది. నిద్రపోయిందనుకున్న.

"అంటె మన మక్కల పెండ్లి ముడేసే అయ్యగారు లేడన్నట్టు" అన్నది.

"ఆఁ. పక్క చేను కెల్లి వస్తడు, పిలువకున్నా."

"రానీయకు మరి" అన్నది.

జనవరి 11

నేనే పోయిన ఆయన ఇంటికి. ముక్కు కోసుకున్నట్టయింది గని పోయిన.

"సూడు. మా జల్లులన్నిటికి కవర్లు తొడుగుత. నీ చేను మీదికి ఒక్క రేణువు రాదు. మా కంకులకు పీచు రాకముందే కవర్లు తొడుగుత. నీ చేను కెల్లి మా దాని మీద పడదు. పొద్దుగాల మా జల్లు దులిపి మా పీచు మీద నా చేతులతోని పోస్త, మల్ల కవర్ తొడుగుత. అర్థమైందా?"

"అయింది మేడం. ఒక్కదానివి ఎట్ల చేస్తవు?"

"చేస్త."

"ఒకలు జల్లు వంచాలె, ఒకలు కవర్ పట్టాలె. ఇద్దరు కావాలె గద" అన్నడు. అరుణ్‌కుమార్‌ను తానే ఒప్పిస్తనన్నడు. వాళ్ల అమ్మ చాయి పెట్టింది. తాగిన. నేను ఆ పొద్దు పెట్టలేదన్న మాట గుర్తుకొచ్చి గిలాస నేనే కడిగి పెట్టిన.

జనవరి 13

కవర్ల కథ. దుకాండ్లల్ల తిరిగితె అన్ని ప్లాస్టిక్ సంచులే, వాటిల పీచు కుళ్లిపోతది. మాపటీలి పరశురాములు బండి మీద ఒక కట్ట తెచ్చిండు. హుజూరాబాద్ల సదానందం ప్రెస్సుల మిగిలిపోయిన పెండ్లి కార్డుల కవర్లు! మందం కాయిదం, మీద వినాయకుని బొమ్మ, కింద శుభమస్తు. ఎవలదో ముహూర్తం మారి కార్డులు మల్ల కొట్టిచ్చుకున్నరట, ఇవి పడి ఉన్నయట.

"ఇంకేం దొరకలేదా నీకు?"

"కంకికి సరిగ్గ సరిపోతయి మేడం. సూడున్రి" అని తన పిడికిలికి తొడిగి సూపిచ్చిండు. నవ్వొచ్చింది. నవ్వలే.

జల్లులకు పెద్దయి కావాలె. అవ్వ పాత పేపర్లు తెమ్మన్నది, మైదా ఉడికిచ్చి జిగురు చేయమన్నది. మంచం మీద పండుకొనే సంచులు అతికిస్తంది. కాలు నొప్పి అన్న మాట ఇయ్యాల ఒక్కసారి కూడ అనలే.

జనవరి 17

కంకులు బయటికి వస్తున్నయి. పీచు కనవడకముందే ఒక్కోదానికి శుభమస్తు తొడిగి పిన్ను కొడ్తున్నం. ఆయన చేన్ల జల్లులు పీకే కైకిలోళ్లు ఒడ్డు మీద బారుగ నిలవడి సూసిండ్రు. వాళ్లల్ల ఐలవ్వ నోరు ఊకుంటదా?

"ఏందే సృజనా, మక్కకు పెండ్లి చేస్తున్నరా? మాకు కార్డు ఇయ్యకపోతిరి!"

"కార్డులు లేవు, కవర్లే ఉన్నయి" అన్న.

"కవర్లుంటె కార్డులు రాకపోతయా బిడ్డా" అన్నది. అందరు ఒక్కటే నవ్వుడు. పరశురాములు పిన్నులు ఏరుకుంట తల ఎత్తలే. చెవులు మాత్రం ఎర్రగైనయి. ఎండకు.

జనవరి 20

ఇయ్యాల పీచు మొదలైంది. జువాలజీ మేడంతోని పొద్దుగాల పీరియడ్లు మార్చుకున్న. మంచు ఆరినంక పని మొదలు. ఆయన జల్లును మెల్లగ వంచుతడు, నేను సంచి మూతి పట్టుకొని దులుపుత. సంచి అడుగున సన్నని పిండి లెక్క పుప్పొడి రాలుతది. ఇంకో మొక్క కాడికి పోయి, కవర్ తీసి, పీచు మీద పోసి, తీసినంత తొందరగ మల్ల మూస్త. ఆ తీసి మూసే సందుల గాలి తట్టకుండ ఆయన అటు దిక్కు అడ్డం నిలవడ్తడు. తన చేనుకు ఈపు పెట్టి.

మస్కట్ల ఉన్నప్పుడు ఖర్జూర చెట్లకు కూడ గిట్లనే చేత్తోని పూత కలిపేదట. "ఆడ చెట్టు మీదికి ఎక్కి మొగపూత కడ్తం మేడం. పదహారేండ్లు గదే పని." చెల్లెండ్ల పెండ్లిలు చేసుకుంట తన పెండ్లి మాట మరిచిపోయిండని ఊర్లె అంటరు. నేను అడుగలే. మనకెందుకు.

కాలేజీకి పోతె పిల్లలు నవ్వుతుండ్రు. జుట్టు నిండ పుప్పొడి ఉన్నదట.

జనవరి 22

ఇయ్యాల ఆయన రాలే. కంపెనీ మీటింగట. మంచిదే. ఒక్కదాన్నే చేసుకున్న, పని తొందరగ అయింది.

జనవరి 23

నిన్న పని తొందరగ కాలే. సగం కూడ కాలే. ఇయ్యాల ఇద్దరం కలిసి నిన్నటిది కూడ చేసినం.

కవర్ మూసుకుంట ఆయన అడిగిండు, "మేడం, తెల్లది ఒకసారి పసుపైతె ఇగ తెలుపు పోయినట్టేనా?"

"పోదు. లోపట దాగి ఉంటది. ఆ పసుపు గింజను పెట్టి, దాని కంకికి దాని పుప్పొడే పోస్తె, నాలుగు గింజలల్ల ఒకటి మల్ల తెల్లగ వస్తది."

ఇంకో కవర్‌కు పిన్ను కొట్టిండు. "అయితె ఏం పోలేదన్నట్టు."

"ఏం పోలే. ఓపిక కావాలె."

"ఓపికకేమున్నది మేడం" అన్నడు. గంతే. మల్ల పనిల పడ్డం.

గట్క ఇయ్యాల ఉండలు కట్టలే. అవ్వ రెండోసారి అడిగి పెట్టిచ్చుకున్నది.

జనవరి 26, ఆదివారం

తడిసిన చీర మార్చుకోంగనే రాయ కూసున్న.

కాలేజీల జెండా ఎగిరేయంగనే గాలి లేసింది. టెంటు గుడ్డ పటపట కొట్టుకున్నది. మీద మబ్బు. ఇయ్యాల రేపు పీచు నిండుగ ఉండే దినాలు. కవర్లు ఎగిరిపోతె అంతే సంగతి, పక్క చేను పుప్పొడి మొత్తం మా మీదనే. లడ్డు కూడ తీసుకోలే. స్కూటీ ఎట్ల నడిపిన్నో నాకే తెల్వదు. సినుకులు మొకం మీద కొడ్తున్నయి. అవ్వకు ఏం మొకం సూపియ్యాలె అన్నదొక్కటే నా మనసుల.

వచ్చి సూస్తె పరశురాములు మా మక్కల ఉన్నడు. తడిసి ముద్దయిండు. కవర్ల కట్ట అంగి లోపట పెట్టుకొని, ఒక్కోటి తీసి తొడుగుతుండు. నేను కూడ చీర చెక్కుకొని దిగిన. వాన వెలిసేటాలకు అన్ని మల్ల మూసి ఉన్నయి.

ఇంట్లకు వచ్చినంక అవ్వ చెప్పింది. గాలి లేవంగనే తన చేన్ల కైకిలోళ్లను గట్లనే ఇడిచిపెట్టి ఒడ్డు దుంకి వచ్చిండట.

"రాడా మరి? మా జల్లులు ఊడితె ఆయన పంటకే గద నష్టం. ఆయన పంట కోసం వచ్చిండు" అన్న.

"జల్లులకు తొడుగుడు ఆయన కోసం. నిజమే. కంకులకు తొడుగుడు ఎవల కోసమే?"

నేను తల తుడుసుకుంటున్న.

"ముందుగాల కంకులకే తొడిగిండు. మొత్తం కంకులు అయినంకనే జల్లుల కాడికి పోయిండు. కిటికీల కెల్లి సూసిన నేను" అన్నది అవ్వ.

చాయి పెట్టి ఒడ్డు దాక తీస్కపోయి ఇచ్చిన. చక్కర ఎక్కువైంది. తాగిండు.

జనవరి 29

ఒడ్డు మీద ఒక్క మొక్క ఆలస్యంగ కంకి ఏసింది. ఆయన చేను దిక్కు వంగి ఉన్నది. దానికి కవర్ సరిపోలే.

జనవరి 30

ఒడ్డు మీది మొక్కకు పీచు వచ్చింది. ఎర్రగ, నున్నగ. కవర్ సరిపోక ఇడిచిపెట్టిన. ఒక్క కంకికి ఏమైతది?

ఫిబ్రవరి 4

పీచులన్ని ఎండినయి. ఇగ భయం లేదు. అరుణ్‌కుమార్ వచ్చి పరశురాములు చేను మొత్తం తిరిగి సూసిండు, మా శుభమస్తుల కాడ ఫోటో దిగిండు, చేను పాస్ చేసిండు. పరశురాములు ఊపిరి పీల్చుకున్నడు. నేను కూడ.

మిగిలిన కవర్లు సంచిల ఏసి అటుక మీద పెట్టిన. పొయ్యి ముట్టియ్య పనికొస్తయి.

ఫిబ్రవరి 9

పొద్దుగాల పని లేదు. హాయిగ ఉన్నది. ఏడు దాక పండుకోవచ్చు.

ఫిబ్రవరి 10

అయిదింటికే మెలకువ వచ్చింది. హాయిగనే ఉన్నది.

ఫిబ్రవరి 13

పరశురాములు ఒడ్డు మీద నడుస్తుండు. నీళ్లు పెట్టే వంతు కాదు, మందు కొట్టే దినం కాదు. గట్ల నడిచి, గా ఒడ్డు మీది మొక్క కాడ జర ఆగి, ఇటు సూసి, పోయిండు. ఆయన ఒడ్డు, ఆయన ఇష్టం. నేను బట్టలు ఆరేస్తున్న. ఆరేసిన బట్టలే మల్ల ఆరేస్తున్ననని అవ్వ కిటికీల కెల్లి అన్నది.

ఫిబ్రవరి 19

అవ్వ వాకర్ పట్టుకొని నాలుగడుగులు ఏసింది! ఎన్క తలుపు దాక పోయి మక్కను సూసి, "మస్తు పెంచినవే" అన్నది. అవ్వ నోటి కెల్లి గా మాట ఇనాల్నంటె అదృష్టం ఉండాలె. రోజంత పిల్లల ప్రాక్టికల్స్ చేపిచ్చిన, అలసటే తెల్వలే.

మార్చి 16, ఆదివారం

కంకులు ఇరిసినం. పరశురాములు అడుగకున్నా వచ్చిండు, గంపలు మోసిండు. ఒడ్డు మీది కంకి మాత్రం నేనే ఇరిసి గంప అడుగున ఏసిన. ఆయన పోయినంక అవ్వ కుర్చీల కూసొని పొరలు తీయవట్టింది. ఒకటి తీసింది, తెలుపు. ఇంకోటి, తెలుపు. ముత్యాలు ఒత్తి పెట్టినట్టు. గాలి లేసిన పొద్దు కవర్లు ఊడిన మూడు కంకులల్ల ఒకటి రెండు గింజలు పసుపైనయి, వాటిని గోటితోని ఒలిచి పక్కన పడేసింది. తక్కినయన్ని తెలుపే. అవ్వ నోరు ఇప్పి నవ్వింది, ఒక్క పన్ను లేదు.

"నిలవడ్డది బిడ్డా. మా అవ్వ ఇత్తనం నిలవడ్డది."

నాకు ఏడుపొచ్చింది. సంతోషానికే. పీహెచ్‌డీ వచ్చినా గింత సంతోషం కాకపోవు.

కంకులన్ని అయినంక, "ఒడ్డు మీది కంకి ఏదే?" అన్నది.

"అది... దానికి కవర్ సరిపోలేదవ్వా."

"తే."

గంప అడుగు కెల్లి తీసి ఇచ్చిన. పొరలు గుంజింది. కంకి నిండ పసుపు. ఆయన చేన్లయి లెక్క ముదురు పసుపు కాదు, వెన్న లెక్క లేత పసుపు. తల్లి కెల్లి రెండు పాళ్లు తెలుపు, ఆయన దిక్కు కెల్లి ఒక్క పాలే పసుపు. గట్లనే వస్తదని నాకు తెలుసు. పుస్తకాలల్ల సదివిన, ల్యాబుల కొలిచిన, పిల్లలకు చెప్పిన. చేతుల పట్టుకొని సూసుడు ఇదే మొదలు. ఎంత మంచిగున్నది!

"కవర్ సరిపోలేదా? అటుక మీద సంచెడు కవర్లున్నయి గదనే" అన్నది అవ్వ.

నేను కింద పడ్డ పొరలు ఏరవట్టిన.

"పిచ్చిదానా, కిటికీల పండుకున్నది నేను. ఆ పొద్దు నువ్వు దానికి కవర్ తొడిగినవు. పిన్ను కూడ కొట్టినవు. ఇంటి దాక వచ్చి, మల్ల ఎన్కకు పోయి, కవర్ తీసి, మడత పెట్టి, రైకల దోపుకొని వచ్చినవు."

సరిపోలే, సరిపోలే అని ఈ డైరీల ఎందుకు రాసిన్నో. ఇది ఎవలు సదువుతరని? నేనే గద సదివేది. సరిపోయింది. మంచిగ సరిపోయింది. తీసింది నేనే. ఆయన దిక్కు కెల్లి గాలి వస్తె ఏమైతదో సూడాల్ననిపిచ్చింది. ఆయనంటె నాకు ఇష్టం. రాసిన, ఇగో.

"కోపమా అవ్వా? ఇత్తనం కంకి ఒకటి ఖరాబు చేసిన."

"గంపెడు నిలవెట్టినవు. ఒక్కటి పోతె పోయింది" అన్నది. "పసుపు కుంకుమ తే. మొకం కడుక్కొని రా."

తెచ్చిన. వాకర్ పట్టుకొని లేసి నిలవడ్డది. నాకు బొట్టు పెట్టింది. "కొంగు పట్టు" అన్నది.

"అవ్వా, నాకు పోయద్దు గద. నేను ఒక్కదాన్నే ఉన్న..."

"మూసుకో. ఇన్నేండ్లు నేను కూడ గట్లనే అనుకున్న, బుద్ధి లేక. మా అవ్వ నాకు ఇత్తనం ఇచ్చింది పెట్టుకొమ్మని, పెంచుకొమ్మని. మొగడున్నడా లేడా అని మక్క అడుగుతదా? ఈ ఏడు ఇత్తనం నిలవెట్టింది ఎవలు? పట్టు కొంగు."

పట్టిన. బియ్యం పోసింది, కుడుకలు ఏసింది, పసుపుకొమ్ములు ఏసింది. వాటి మీద నాలుగు తెల్లమక్క కంకులు పెట్టింది. అయిదోది గా పసుపుది పెట్టింది. ఒడి బరువుకు మెడ గుంజింది. నేను ఏడ్సుకుంటనే నిలవడ్డ, అవ్వ కొంగుతోని నా కండ్లు తుడిసింది.

గట్లనే, ఒడి పట్టుకొనే, ఎన్క తలుపు తీసి ఒడ్డు దాక నడిచిన. ఆయన తన చేన్ల మొగ సాళ్లు కోస్తుండు. నన్ను సూసి కొడవలి కింద పెట్టిండు. ఒడిల తెల్లకంకుల నడుమ పసుపుది సూసిండు.

"అయ్యో మేడం, ఇదెట్లయింది? నా చేను వల్లనేనా?"

"నీ వల్లనే."

"మరి మీ ఇత్తనం పాడైంది గద..."

"ఏం పోలేదని నువ్వే అంటివి గద ఆనాడు. వచ్చే కాలం ఇది పెడ్త. నాలుగింటికొకటి తెల్లగ వస్తది. మిగతా మూడు పసుపు. నాకు రెండూ కావాలె." ఒడి జారకుండ సర్దుకున్న. "ఇద్దరు కావాలె గద ఆ పనికి. చాయి తాగి పో."

"అత్త రమ్మన్నదా?"

"నేనే రమ్మంటున్న."

ఆయన చేతులు కడుక్కొని వచ్చిండు. గడప కాడ జర ఆగి, చెప్పులు ఇడిచిండు.

నేను చాయి పెట్టేటాలకు అవ్వ కంకులను దూలానికి ఏలాడదీయ జతలు కడ్తంది. ఎప్పుడైన పొరలు ఎన్కకు మలిపి రెండేసి కంకులను జోడు కట్టి ఏలాడదీస్తది. నా ఒడిలయి తీసుకొని గా పసుపు కంకి పొరలు, ఒక తెల్లకంకి పొరలు కలిపి గట్టిగ ముడేసింది. పరశురాములు చేతుల పెట్టి, "అల్లుడా, మీదికి కట్టు, నాకు అందదు" అన్నది.

ఆయన ముడి సూసిండు, నన్ను సూసిండు.

"అయ్యగారు లేకపోతె నేను లేనా?" అన్నది అవ్వ.